రొసారియో గారి అదనపు అయిదేళ్లు

పోయిన నెల స్పెయిన్ నుంచి నాకొక ఉత్తరం వచ్చింది. రాసినవారు రొసారియో గారి అక్క కూతురు. పిన్నిగారు కాలం చేశారని, సొంత ఊరివాళ్లు ఆవిడ జీవిత విశేషాలతో చిన్న పుస్తకం వేయాలనుకుంటున్నారని, ఆవిడ కువైట్‌లో గడిపిన సంవత్సరాల వివరాలు తమకు తెలియవని, పిన్నిగారి చిరునామాల పుస్తకంలో నా పేరు చూసి రాస్తున్నానని అందులో ఉంది. ఇలాంటి పని నాకు కష్టం కాదు. ఒక పట్టిక గీసి, ఆవిడ ఈ దేశానికి వచ్చిన రోజు, భర్త పోయిన రోజు, చివరిసారి వేదిక మీద పాడిన రోజు, తిరిగి వెళ్లిపోయిన రోజు వరుసగా రాశాను. ఒక్కో తేదీకి ఎదురుగా అది నాకు ఏ కాగితం వల్ల తెలిసిందో కూడా వేశాను. ఒక్క గడి మాత్రం ఖాళీగా వదిలాను. అది పుట్టిన తేదీ గడి. ఎందుకు వదిలానో రాయడానికి పట్టికలో చోటు లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. మిగిలిన తేదీలన్నీ పట్టికలో చేరిపోయాయి గనుక మళ్లీ ఇవ్వను.

ఆ రోజుల్లో నేను కువైట్ శివారు అబ్బాసియాలో ఒక టైపింగు ఆఫీసులో పనిచేసేవాణ్ని. ఆఫీసంటే దర్జీ దుకాణానికీ పచారీ కొట్టుకీ మధ్య ఒక గది, మూడు బల్లలు, నాలుగు కుర్చీలు. ఇఖామా అనే నివాస అనుమతి పొడిగింపు, కఫీల్ అంటే పూచీ ఉండే యజమాని మార్పు, కుటుంబ వీసా, ఇలాంటి దరఖాస్తులన్నీ అక్కడే తయారయ్యేవి. పాస్‌పోర్టు ఎడమచేతి కింద తెరిచి పెట్టుకుని, అందులోని అంకెను వేలితో నొక్కి ఉంచి, కుడిచేత్తో కొట్టడం నా పద్ధతి. కొట్టిన తరువాత చివరి అంకె నుంచి మొదటి అంకెకు వెనక్కి చదివేవాణ్ని. ముందు నుంచి చదివితే కన్ను అలవాటుగా దాటిపోతుంది, వెనక నుంచి చదివితే ప్రతి అంకె దగ్గరా ఆగక తప్పదు. ఒక్క అంకె తప్పితే ఆ మనిషి మూడు ఆఫీసుల చుట్టూ తిరగాలి, పని మానాలి, యజమాని చేత మాటలు పడాలి. నేనక్కడ ఉన్న ఏడేళ్లలో నా బల్ల మీద నుంచి వెళ్లిన కాగితం తప్పుందని ఒక్కటీ తిరిగి రాలేదు. గదిలో నాతో ఉండే నలుగురూ అమలాపురం వైపువాళ్లే. వాళ్లలో సత్తిబాబు నన్ను ఊరికే ఉండనిచ్చేవాడు కాదు. "కూరలో ఉప్పెక్కువైందిరా అంటే ఎంతెక్కువైందని అడుగుతాడండీ ఈడు. ఈడికి పెళ్లి చేస్తే ఆ అమ్మాయి నవ్విందని రసీదు పట్టుకెళ్లాలి" అనేవాడు. నాకు కోపం వచ్చేది కాదు. రసీదు ఉంటే మంచిదేనని లోపల అనుకునేవాణ్ని.

రొసారియో గారు మొదటిసారి మా ఆఫీసుకు వచ్చింది భర్త పోయిన తరువాత ఇఖామా కాగితాల కోసం. నల్లటి దుస్తులు, వెనక్కి బిగించి దువ్విన జుట్టు, చెవులకు చిన్న పగడాలు. వెంట ఆ ఇంట్లో పనిచేసే లక్ష్మీదేవి ఉంది. కడప జిల్లా మనిషి. రెండు పాస్‌పోర్టులు నా బల్ల మీద పక్కపక్కనే పెట్టారు. రెండు దరఖాస్తులూ పూర్తి చేసి, వెనక నుంచి చదివి ఇచ్చాను. ఆవిడ నా చేతుల్నే చూస్తూ కూర్చుని, లేచేటప్పుడు ఇంగ్లీషూ అరబ్బీ కలిపి, "నీ చేతులు తొందరపడవు. శుక్రవారాలు ఖాళీగా ఉంటావా?" అని అడిగారు. నగరంలో ఒక హోటలువాళ్లు స్పానిష్ సంగీత సాయంత్రం పెడుతున్నారనీ, తనను పాడమన్నారనీ, పాటల కాగితంతోపాటు పంచడానికి తన జీవితం రెండు పేజీలు ఇంగ్లీషులో కావాలనీ చెప్పారు. చెప్పడం ఆవిడ వంతు, రాయడం నా వంతు. అలా ఆరు శుక్రవారాలు రుమైథియాలో ఆవిడ ఇంటికి వెళ్లాను.

ఆ ఇంటి వాసన ఇప్పటికీ నాకు గుర్తే. ముందు హాల్లో బఖూర్ ధూపం పొగ, నడవాలో నారింజ తొక్కలు, వంటింట్లో ఆలివు నూనెలో వేగే వెల్లుల్లి. ఎండ మండిపోతున్నా ఏసీ వేయనిచ్చేవారు కాదు, గొంతుకు చెడుపని. ఉదయం లేవగానే గోరువెచ్చని నీళ్లలో తేనె, పదింటికి ఒక చిన్న కప్పు కాఫీ, మధ్యాహ్నం భోజనం దాకా మరేమీ ఉండదు. పది నుంచి పదకొండు దాకా సాధన. అది కూడా హాల్లో కాదు, వంటింటి వెనక సామాను గదిలో. గోడల పొడుగునా బాస్మతి బస్తాలు నిలబెట్టి ఉండేవి. శబ్దం బయటికి పోకుండా భర్త బతికి ఉన్నప్పుడు చేసుకున్న ఏర్పాటు అది. భర్త ఆవిడను పాడవద్దని ఎన్నడూ అనలేదట. బయట పాడితే తన వాళ్లు బాధపడతారని ఒక్కసారి చెప్పాడట. ఆ ఒక్క మాటకు ఆవిడ ఇరవై రెండేళ్లు బస్తాల మధ్య పాడుకున్నారు. ఇప్పుడు సవతి కొడుకు తనంతట తానే, "ఒక్కసారి పాడండి, మేమూ వింటాం" అన్నాడు. గొంతు ఇంకో ఏడాది నిలుస్తుందో నిలవదో తెలియదని ఆవిడే నాతో అన్నారు. అందువల్ల ఆ సాయంత్రం ఆవిడకు ఒక కచేరీ మాత్రమే కాదు. ఇరవై రెండేళ్లుగా దాచుకున్నదంతా బయట పెట్టడానికి దొరికిన ఒకే ఒక గంట.

ఆవిడ చెప్పిన జీవితాన్ని ఇప్పుడు క్లుప్తంగా చెబుతాను. దక్షిణ స్పెయిన్‌లో ఆలివు తోటల ఊరు. తాత తోటలో కూలీ. కాయలు రాల్చే కాలంలో, తొమ్మిదో ఏట, తాత భుజాల మీద కూర్చుని పాడితే చెట్ల కింద ఉన్నవాళ్లంతా పని ఆపారట. పదకొండో ఏట రేడియోలో పన్నెండేళ్ల లోపు పిల్లల పోటీలో మొదటి బహుమతి వచ్చింది. పదమూడో ఏట మేనత్త వెంట సెవిల్ నగరానికి, అక్కడ బల్లల మధ్య చిన్న వేదిక ఉండి పాటలు పాడించే మధుశాలకు వెళ్లారు. అక్కడ నేర్చినది ఫ్లమెంకో. గిటారు వాయించేవాడి చేతికీ, చప్పట్లు కొట్టేవాళ్ల లెక్కకూ ఎదురు నిలబడి గుండెలోది గుండెలోంచే తీసి పాడాలి. తరువాత పేరు తెచ్చింది కోప్లా. అది కథ చెప్పే పాట. మూడు చరణాల్లో ఒక మనిషి బతుకంతా ముగిసిపోవాలి. ఆవిడ పాడినవాటిలో జనం మళ్లీ మళ్లీ అడిగింది బావి తవ్వేవాడి భార్య పాట. లోపలికి దిగిన మొగుణ్ని పైనుంచి పేరు పెట్టి పిలుస్తుంది, మూడుసార్లూ తన గొంతే తిరిగి వస్తుంది. పదేళ్లపాటు ఊరూరా తిరిగారు, రికార్డులు ఇచ్చారు, పత్రికల్లో బొమ్మ పడింది. బేరూత్‌లో పాడుతున్నప్పుడు ముందు వరసలో కూర్చున్న కువైట్ వర్తకుడు పెళ్లి చేసుకుంటానన్నాడు. "ఆయన పూలు పంపలేదు. అందరూ పంపుతారు. ఆయన నా గిటారు వాయించేవాడికి జ్వరంగా ఉందని డాక్టర్ని పంపాడు. అందుకని చేసుకున్నాను. అంతే, ఖలాస్" అని ఆ అధ్యాయం ముగించారు.

వంటింట్లో లక్ష్మీదేవికి ఆవిడ చప్పట్ల లెక్క నేర్పారు. పన్నెండు దెబ్బల ఆవృత్తం, ఒత్తు సమాన దూరాల్లో పడదు. నేను కాగితం మీద గీతలు గీసుకుని లెక్కపెట్టినా రెండో ఆవృత్తంలోనే తప్పిపోయేవాణ్ని. లక్ష్మీదేవి చపాతీ పిండి చేతులతో తప్పకుండా కొట్టేది. "మా ఊర్లో చెక్కభజన ఇంకా కష్టం సార్. ఈడ నిలబడి కొట్టేదే కదా, ఆడ ఎగరల్ల" అంది నా కాగితం వంక చూసి. "గీతలు గీస్తే వచ్చేదానికి ఇది ముగ్గు కాదు."

ఇప్పుడు నా పని సంగతికి వస్తాను. ఆవిడ చెప్పిన వయసులన్నీ కూడితే ఆ సంవత్సరానికి అరవై ఒకటి. నాకు మాత్రం ఆవిడ పాస్‌పోర్టు గుర్తుంది. నేను ఒకసారి కొట్టిన అంకె మరిచిపోను. దాని ప్రకారం అరవై ఆరు. రెండింటికీ అయిదేళ్ల తేడా. మనిషి జ్ఞాపకం జారుతుంది, ప్రభుత్వం వేసిన అంకె జారదు, అప్పట్లో ఇందులో నాకు సందేహమే లేదు. పెద్దావిడను అడిగి నొప్పించడం ఎందుకని అడగనూ లేదు. వయసులన్నిటినీ పాస్‌పోర్టు సంవత్సరం నుంచి మళ్లీ లెక్కగట్టాను. తొమ్మిది పద్నాలుగైంది. పదమూడు పద్దెనిమిదైంది. పన్నెండేళ్ల లోపు పిల్లల పోటీలో పదహారేళ్ల అమ్మాయి గెలవడం కుదరదు గనుక ఆ బహుమతిని పూర్తిగా తీసేశాను. చివర ప్రస్తుత వయసు అరవై ఆరని వేసి, వెనక నుంచి చదివి, నేరుగా హోటలుకు పంపించాను. ఆవిడకు ఇంగ్లీషు చదవడం అంతంత మాత్రం. నా మీద నమ్మకంతో చూపించమని కూడా అనలేదు.

గురువారం మధ్యాహ్నం హోటలు మేనేజరు నన్ను పిలిపించాడు. ఈజిప్టు దేశస్థుడు. వాళ్ల సిబ్బంది కాగితాలన్నీ మా ఆఫీసులోనే తయారయ్యేవి కాబట్టి నన్ను ఎరుగును. "ఉస్తాద్, ఆవిడ వయసు అరవై ఆరా? మా బీమా వాళ్లు అరవై అయిదు దాటిన వాళ్లను వేదిక ఎక్కించనివ్వరు. బేరూత్ నుంచి ఒక పడుచు గాయనిని పిలుస్తున్నాం. ఆవిడను ముందు వరసలో ముఖ్య అతిథిగా కూర్చోబెడతాం. పూలగుత్తి ఇస్తాం. నువ్వే మెల్లగా చెప్పు, నీ మాట వింటారు" అన్నాడు. కాగితం సరిగ్గా ఉంది, నిబంధన సరిగ్గా ఉంది. చెబుతానని తల ఊపి వచ్చేశాను.

మరునాడు రుమైథియాకు వెళ్లాను. సామాను గదిలోంచి పాట వినిపిస్తోంది. తలుపు తీసిన లక్ష్మీదేవి నా మొహం చూసి, "ఏమి సార్, ఎవరన్నా పోయినారా?" అని అడిగింది. వంటింట్లో కూర్చుని ఉన్న సంగతి చెప్పాను. ఆమె పొయ్యి ఆపింది.

"అరవై ఆరని ఎవురు చెప్పినారు మీకి?"

"పాస్‌పోర్టులో ఉందమ్మా. నేనే కొట్టాను కదా."

"నా పాస్‌పోర్టులో ఎంత ఉండాది?"

"ముప్పై రెండు."

"నాకి ఇరవై అయిదు సార్. మా అమ్మ చెప్పిన లెక్క అది. ముప్పై నిండితే గాని ఆడమనిషిని ఇంటిపనికి పంపరంట. ఏజెంటు ఏడేండ్లు ఎక్కువ ఏపిచ్చినాడు. మా ఊర్లో నాతో వచ్చినోళ్లు ఆరు మంది, ఆరు మందికీ అంతే. మా పిన్నమ్మ కూతురైతే పాస్‌పోర్టులో వాళ్ల అమ్మ కంటే తొమ్మిదేండ్లే చిన్న." ఆమె గొంతు తగ్గించింది. యజమానురాలిని అక్కడి పనివాళ్లు పిలిచినట్టే ఆమె కూడా రొసారియో గారిని 'మామా' అనేది. "ఇది మామాకి చెప్పినాను ఒకసారి, భయపడి. మామా నగి, నాది కూడా అంతే అనింది. అత్తతో పోయింది కదా, చిన్నపిల్లని ఆడ పాడనియ్యరంట. పద్దెనిమిది ఉండల్ల. వాళ్ల అత్త ఊర్లో రాసేటోన్ని పట్టుకొని అయిదేండ్లు కలిపిచ్చిందంట. మల్ల తీపిచ్చుకునేకి ఎవురికి తీరుతాది? మీరేమో ఆ అంకె పట్టుకొని మామాని ముసిల్దాన్ని చేసి కూర్చోబెట్టినారు."

అప్పటిదాకా నా బల్ల మీద ఎన్ని వందల పాస్‌పోర్టులు తెరిచి ఉంటానో, వాటిలో ఎన్ని అంకెలను వేలితో నొక్కి పట్టుకుని ఉంటానో, అవన్నీ ఒక్కసారిగా కళ్ల ముందు కదిలాయి. నేను కాపాడింది ఒక కాగితానికీ ఇంకో కాగితానికీ మధ్య పోలికనే. ఆ అంకెకూ మనిషికీ మధ్య పోలిక ఉందో లేదో చూడడం నా పనిగా నేను ఎప్పుడూ అనుకోలేదు.

"ఎవురికీ చెప్పొద్దు సార్" అంది లక్ష్మీదేవి. "నాది తెలిస్తే నన్ను పంపిచ్చేస్తారు. మామాదీ అంతే. మీరు కాగితాల మనిషి. మీకి చెప్పినానని ఇప్పుడు భయమైతాండాది."

రొసారియో గారిని కలవకుండానే వెనక్కి వచ్చేశాను. హోటలుకు వెళ్లే దారిలో నా ముందున్న మార్గాలు లెక్కపెట్టుకున్నాను. పాస్‌పోర్టు తప్పని చెప్పలేను, చెబితే ఆవిడా లక్ష్మీదేవీ ఇద్దరూ చిక్కుల్లో పడతారు. ఏమీ చెప్పకపోతే ఆవిడ పూలగుత్తి పట్టుకుని ఇంకొకరి పాట వింటారు. మిగిలినది ఒక్కటే. మేనేజరు గదిలో నిలబడి, "ఆవిడ వయసు అరవై ఒకటి. కూడికలో నేను పొరపాటు పడ్డాను" అన్నాను.

అతను కళ్లజోడు తీసి నన్ను చూశాడు. "నువ్వా?"

"నేనే."

"మా దగ్గర రెండు వందల మంది ఉన్నారు. ఒక్కరి కాగితంలోనూ నువ్వు అక్షరం తప్పలేదు. అలాంటి నువ్వు అయిదేళ్లు తప్పావా?" కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, "పాస్‌పోర్టు చూడనక్కర్లేదుగా?" అన్నాడు.

"నా మాట మీద ఉంచండి" అన్నాను. అప్పటిదాకా నేను ఎవరికీ నా మాట ఇవ్వలేదు, కాగితమే ఇచ్చేవాణ్ని. అతను నవ్వి, "యల్లా, మనిషివే అన్నమాట" అని అక్కడికక్కడే రొసారియో గారికి ఫోను చేశాడు. టైపు చేసిన అబ్బాయి లెక్క తప్పడం వల్ల కాసేపు మిమ్మల్ని పోగొట్టుకున్నామని సరదాగా చెప్పాడు. ఆవిడ ఏమన్నారో నాకు వినపడలేదు. సాయంత్రానికి నాకు కబురు వచ్చింది.

ఆవిడ హాల్లో నా రెండు పేజీలు ముందు పెట్టుకుని కూర్చున్నారు. హోటలు నుంచి తెప్పించుకుని సవతి కొడుకు చేత చదివించుకున్నారట. కోపంగా లేరు, అది ఇంకా కష్టంగా అనిపించింది. "తొమ్మిదేళ్ల పిల్లను పద్నాలుగేళ్లదాన్ని చేశావు. పద్నాలుగేళ్ల నన్ను ఎత్తుకుని ఉంటే మా తాత నడుం విరిగేది" అన్నారు. తరువాత వేలితో ఒక చోటు చూపించి, "ఇక్కడ నా బహుమతి ఏది? నేను గెలిచిన బహుమతి అదొక్కటే. మిగిలినవన్నీ ఇచ్చారు, ఇది గెలిచాను" అన్నారు. నేను క్షమించమన్నాను. అక్కడే కూర్చుని ఆవిడ నోట చెప్పినట్టే మళ్లీ రాశాను. ఏ ఒక్క వయసుకూ నా దగ్గర ఆధారం లేదు. రాసి ముగించాక అలవాటుగా వెనక నుంచి చదవబోయి, దేనితో సరిచూడాలో తెలియక ఆగిపోయాను.

కచేరీ రోజున నేనూ లక్ష్మీదేవీ చివరి వరసలో కూర్చున్నాం. ఆమె అబ్బాసియా నుంచి మల్లెపూలు తెప్పించుకుని పెట్టుకుంది. రొసారియో గారు నల్ల దుస్తుల్లోనే వచ్చారు, భుజాల మీద మాత్రం కుట్టుపూల ఎర్ర శాలువా. మొదటి రెండు పాటలూ గొంతు అదుపులో పెట్టుకుని పాడారు. మూడోది బావి తవ్వేవాడి భార్య పాట. మొదటి పిలుపు నిండుగా వచ్చింది. రెండో పిలుపు దగ్గర ఆవిడ చెయ్యి గిటారు వాయించేవాడి కుర్చీ వెనుక ఊతం వెతకడం నేను చూశాను. ఆవిడ అక్కడ పడిపోతే వచ్చే మొదటి ప్రశ్న వయసు, తెరిచే మొదటి కాగితం పాస్‌పోర్టు, బయటపడే మొదటి అబద్ధం నాది. మూడో పిలుపులో గొంతు సగంలో చీలింది. ఆవిడ దాన్ని కప్పిపుచ్చలేదు. చీలిన గొంతుతోనే ఆ పేరును చివరిదాకా పిలిచి, ఆగి, లోపలి నుంచి జవాబు వస్తుందేమోనన్నట్టు తల వంచి నిలబడ్డారు. ముందు వరసలో సవతి కొడుకు తలగుడ్డ గుత్రా అంచుతో మొహం తుడుచుకున్నాడు. "బావిలో నీళ్లు కనపడినాయి సార్ నాకి" అంది లక్ష్మీదేవి. ఆవిడ ఇంకా నాలుగు పాటలు పాడారు. నిలబడే పాడారు.

ఇప్పుడు నేను దజీజ్‌లో ఒక కార్గో గోడౌనులో సరుకుల జాబితాలు సరిచూస్తున్నాను. టైపింగు ఆఫీసులు చాలావరకు మూతబడ్డాయి. పాస్‌పోర్టును యంత్రం ముందు పెడితే చాలు, అంకెలన్నీ దానంతటదే చదువుకుంటుంది, తప్పు అన్న మాటే లేదు. అది చదివే అంకెలలో ఏజెంట్లు కలిపిన ఏళ్లూ, అత్తలు కలిపిన ఏళ్లూ అలాగే ఉన్నాయి, మునుపటి కంటే వేగంగా కదులుతున్నాయి. అప్పట్లో కనీసం బల్లకు అవతల ఒక మనిషి కూర్చునేవాడు. నేను ఆ కూర్చున్న మనిషిని ఎప్పుడూ ఏమీ అడగలేదు, అది వేరే సంగతి. అంకెల మీద నాకు గౌరవం తగ్గలేదు. ఏ అంకె చూసినా దాన్ని ఎవరు, ఏ అవసరం కొద్దీ వేశారని ఒకసారి అనుకుంటాను, అంతే తేడా. ఆ అక్క కూతురికి పంపిన పట్టికలో పాస్‌పోర్టు తేదీ రాస్తే ఆధారం చూపగలను గాని అది నిజం కాదు. ఆవిడ చెప్పింది రాస్తే నిజమేనని నమ్ముతాను గాని ఆధారం చూపలేను.

కచేరీ తరువాత మూడేళ్లకు రొసారియో గారు స్పెయిన్ వెళ్లిపోయారు. గొంతు ఆవిడ భయపడ్డట్టే ఆ మరుసటి ఏడాది నుంచి సహకరించలేదు. నేను కూడికలో పొరపాటు పడ్డానన్న మాటను ఆవిడ చివరిదాకా నమ్మారు. నా ఎదుట కాకపోయినా, ఇంటికి వచ్చిన వాళ్లకు నవ్వుతూ చెప్పేవారట. నిజం చెప్పాలంటే లక్ష్మీదేవి నాతో అన్నది చెప్పాలి, అందుకని చెప్పలేదు. వెళ్లే రోజు ఉదయం పెట్టెలన్నీ హాల్లోకి చేరాక, ఆవిడ లక్ష్మీదేవి భుజం మీద చెయ్యి వేసి, నాకూ అర్థమయ్యేలా నెమ్మదిగా అరబ్బీలో చెప్పారు. "ఇతను మంచివాడు. నీ కాగితాలు ఇతని చేతనే రాయించుకో. కానీ అంకెల దగ్గర కాస్త బలహీనుడు. పక్కన నిలబడి చూసుకో."

లక్ష్మీదేవి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె కళ్లలో నవ్వూ నీళ్లూ రెండూ ఉన్నాయి. "అట్లనే మామా. నిలబడి చూసుకుంటాను. ఈ సార్ని ఏమాత్రం నమ్మను" అంది.

రొసారియో గారు నా వైపు తిరిగి, కష్టపెట్టానా అన్నట్టు చూశారు.

"ఇకమీదట జాగ్రత్తగా ఉంటానండీ" అన్నాను.